నాలుగు బారల బోదె

“లెగవమ్మా, లెగు! మట్టి మీద పడిపోద్ది, ఆనక మమ్మల్ననకు!”

సూపర్‌వైజర్ గట్టు మీద నిలబడి అరుస్తున్నాడు. సంపూర్ణమ్మ లేవలేదు. చేలకు నీళ్లు పారే మోకాలి లోతు బోదెలో, పార ఒళ్లో పెట్టుకుని, సొంత అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. అరవై దాటిన మనిషి. టిప్పర్ వెనక్కి వెనక్కి వచ్చి ఆమెకు రెండు గజాల దూరంలో ఆగింది. తొట్టి పైకి లేచింది. ఎర్ర గ్రావెల్ జర్రున జారింది. ముందు ఆమె పాదాలు మునిగాయి, తర్వాత మోకాళ్లు.

అప్పుడు ఇద్దరు దిగి, చెరో రెక్కా పట్టుకుని పైకి లాగి, ధాన్యం బస్తాని దించినట్టు ఆమెను గట్టు మీద దించారు. ఒక చెప్పు కాలికుంది. రెండోది మట్టి కింద ఉండిపోయింది.

సంపూర్ణమ్మ టిప్పర్ డ్రైవర్ వైపు చూసింది. “ఒరే బాబీ, ఈ బోదె మీ తాత తవ్వాడ్రా. మా మావా, మీ తాతా కలిసి తవ్వార్రా.”

బాబీ స్టీరింగ్ మీద నుంచి తల ఎత్తలేదు.

ఇది జూన్ తొలివారంలో, పట్టపగలు పదకొండు గంటలకు, గన్నవరం దాటాక మునగలపల్లం అనే ఊరి శివార్లో జరిగింది. చూసినవాళ్లు పాతికమంది. అడ్డుపడినవాళ్లు ఒక్కరూ లేరు. చూసిన పాతికమందిలో, కొలతల పని మీద వచ్చిన భానుశ్రీ ఒకతె.

సూపర్‌వైజర్ చేతిలో ఉన్న కాగితం విప్పి సంపూర్ణమ్మ ముఖం ముందు ఆడించాడు. “కాలవ, కాలవ అని గోల పెడతన్నావు. ఇదిగో ప్లాన్. ఇందులో కాలవెక్కడుందో చూపించు. ఇక్కడ దారి అని రాసుంది. దారిని మేం నలభై అడుగుల రోడ్డు చేసుకుంటున్నాం. నీకేంటి నొప్పి?”

భానుశ్రీకి ఆ కాగితం దగ్గరికెళ్లి చూడక్కర్లేదు. అందులో వంకర తిరిగిన ఆ జంట గీతలూ, వాటి మధ్య ‘ప్రస్తుతం ఉన్న మట్టి దారి’ అన్న నాలుగు మాటలూ తన చేతివే.

గవర్నర్‌పేటలో, ఒక లాడ్జి పక్క మేడ మీద సంజీవరావు గారి ఆఫీసు. ఆయన లైసెన్స్ ఉన్న లేఅవుట్ ప్లానర్. భానుశ్రీ సివిల్ చదివి రెండేళ్లుగా ఆయన దగ్గర ప్లాన్లు గీస్తోంది. పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మాలంటే ముందు సిటీ ప్లానింగ్ ఆఫీసుకి ప్రాథమిక ప్లాన్ ఇవ్వాలి. నేల మీద ఇప్పుడు ఏముందో, చెట్లూ, బావులూ, కరెంటు తీగలూ, కాలవలూ, దారులూ అన్నీ మొదట చూపించాలి. ఆ పైన రోడ్లూ, ప్లాట్లూ, పార్కూ గీయాలి. ఆఫీసర్ వచ్చి ప్లాన్‌ని నేలతో సరిపోల్చి సరేనంటే, ఇక ఆ కాగితమే నేల.

మే నెలలో భానుశ్రీ ఒక్కతే మునగలపల్లం వచ్చి కొలిచింది. అప్పటికి పెళ్లయి సరిగ్గా పద్దెనిమిది రోజులు. కాళ్లకు కొత్త మెట్టెలు. నడుస్తుంటే ఎండుగడ్డిలో అవి తట్టుకుని చిన్నగా చప్పుడయ్యేవి. ఆ చప్పుడుకే ఆమెకు నవ్వొచ్చేది. పసుపు తాడు చెమటకు జాకెట్టు మీద రంగు దిగితే అదీ బాగానే అనిపించేది. మొగుడు కిరీటికి ఎయిర్‌పోర్టులో సామాన్ల సెక్షన్లో షిఫ్టు ఉద్యోగం. ఆమె లేచేటప్పటికి అతను ఉండడు, అతనొచ్చేటప్పటికి ఆమె నిద్రపోయుంటుంది. ఇద్దరూ ఎక్కువగా కలుసుకునేది క్యారియర్ గిన్నె మూత కింద పెట్టే చీటీల్లోనే. ‘వంకాయ కూర నేనే వండాను. ఉప్పు నీ మీద ప్రేమ కొద్దీ పడింది.’ అలాంటివి. ఆ రోజు చీటీ చదివి, తాటిచెట్టు నీడలో ఒంటరిగా అన్నం తిని, మంచినీళ్లు తాగి, ఆ పల్లంలో దిగి నడిచింది.

మే నెలలో కాలవలకి నీళ్లు కట్టేస్తారు. బోదె ఎండి, మట్టి మెత్తటి దుమ్మయి ఉంది. మధ్యలో మోటార్ సైకిళ్ల టైర్ల జాడలు. ఎండాకాలమంతా శివారు జనం పొలాలకు దాంట్లోంచే పోతారు, అడ్డదారి కదా అని. గట్లు కొట్టుకుపోయి, ఎండుటాకులు పడి, ఏ పక్క చూసినా దారిలాగే ఉంది. పదిహేను రోజులాగి వచ్చుంటే పారలు పట్టుకుని పూడిక తీస్తున్న జనం కనిపించేవాళ్లు. ఆ పదిహేను రోజులే తేడా. దారిలో సంపూర్ణమ్మ ఎదురై మూడు ముంజలు చేతిలో పెట్టింది. “కొత్త పెళ్లికూతురివి, ఎండలో తిరుగుతున్నావేంటమ్మా?” అంది. భానుశ్రీ సిగ్గుపడి ముంజలు తింది. ఇది ఏమిటని మాత్రం అడగలేదు.

ఆఫీసుకొచ్చి గీసింది. డెబ్భై రెండు ప్లాట్లు. నలభై ఏడో నంబరు ప్లాటు వంపు మీద పడి, తూర్పు ముఖంతో ముద్దుగా వచ్చింది. ఆ ప్లాటు మూలలో కనీకనిపించకుండా ఒక చుక్క పెట్టింది. ఇంటికెళ్లి కిరీటికి చీటీ రాసింది: ‘ఎప్పటికైనా కొంటే మనది నలభై ఏడు. సన్నజాజి పందిరి ఉత్తరం వైపు.’

ఇవాళ సంపూర్ణమ్మ కూర్చున్న చోటు ఆ వంపు. గ్రావెల్ పడింది నలభై ఏడో ప్లాటు ముందు.

భానుశ్రీ గట్టు మీది జనాన్ని అడిగి బోదె సంగతి తెలుసుకుని, కొలత టేపు సంచిలో పడేసి బస్సెక్కింది. సీటు దొరికినా కూర్చోలేకపోయింది.

“సార్, అది దారి కాదు. బోదె. కింద పంతొమ్మిది కుటుంబాలకి దాంట్లోంచే నీళ్లు. ముప్ఫై ఎకరాలు.”

సంజీవరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు. అందరికీ మజ్జిగ తెప్పించే మనిషి. “గ్రామ పటంలో ఉందా అమ్మాయ్?”

“లేదండీ. పైనున్న పొలం ఆసామి తండ్రి నోటిమాటగా చోటిస్తే వీళ్ల తాతలు తవ్వుకున్నారంట.”

“అయితే లేదు. కాగితంలో లేనిది మనకి లేదు. ఆ ఆసామి పధ్నాలుగు ఎకరాలూ ఈ ప్లాట్లు వేస్తున్న విశ్వేశ్వర్ గారికి అమ్మేశాడు. ఆయనేమో గురువారం ఆఫీసర్ని తీసుకొస్తున్నాడు. ఇప్పుడు బోదె అని చూపిస్తే దానికి చోటు వదలాలి, రెండు పక్కలా గట్లకి వదలాలి. పదకొండు ప్లాట్లు ఎగిరిపోతాయి. ఎవరు చెప్తారు ఆయనకి? నువ్వా?”

“తప్పు గీశాను సార్. దిద్దుతాను.”

“గీసింది నువ్వే, సంతకం పెట్టింది నేను. దిద్దితే నా లైసెన్స్ పోతుంది.” ఆయన గొంతు తగ్గించారు. “కొత్త సంసారం. ఇంటికెళ్లి హాయిగా ఉండమ్మా.”

మర్నాటి నుంచి ఆఫీసులో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. మజ్జిగ గ్లాసు మాత్రం బల్ల మీదికి వచ్చేది. పక్క కుర్చీలవాళ్లు కంప్యూటర్లోకి మరీ వంగి పనిచేసేవాళ్లు. భానుశ్రీ కిటికీలోంచి కింద ఆటోల వరస చూస్తూ అన్నం తినేది. చీటీలో కిరీటి రాశాడు: ‘రెండు రోజుల్నుంచి నీ చీటీ లేదు. నా వంట అంత బాలేదా?’ పెన్ను తీసి, మళ్లీ మూత పెట్టేసింది. నలభై ఏడో నంబరు గురించి రాసిన చేత్తో ఇది ఎలా రాయడం?

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికెళ్లలేదు. మునగలపల్లం వెళ్లింది.

శివారు జనం హనుమయ్య ఇంటి ముందు గుమిగూడి ఉన్నారు. హనుమయ్య ఎకరంన్నర కౌలుకి చేస్తాడు, నలుగురూ మాట వినే మనిషి. ప్రతి ఇంటి వసారాలోనూ విత్తనాల బస్తాలు. సోమవారం బ్యారేజీ దగ్గర నీళ్లొదులుతారని కబురు. నీళ్లు రాగానే ఆకుమడి కట్టి నారు పోయాలి. బోదె లేకపోతే ఆ బస్తాల్ని విప్పక్కర్లేదు.

“అర్జీ పెడదాం,” అన్నాడు హనుమయ్య.

“పోయినవారం పెట్టిన అర్జీ ఏమైంది బాబాయ్? దాన్ని ఊరగాయ జాడీకి మూతగా కట్టారా?” అంది ఒకావిడ. నలుగురు నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“టిప్పర్లు తగలబెడదాం.”

“తగలెయ్. రేపు నీ కొడుకు జైల్లో, నా కొడుకు జైల్లో. వాడికి ఇన్సూరెన్సు వస్తది.”

అప్పుడు భానుశ్రీ ముందుకొచ్చింది. “ఆ ప్లాన్ గీసింది నేనండీ. బోదెని దారి అని రాసింది నేనే.”

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. “చదువుకున్నావు కదమ్మా!” “కళ్లు నెత్తికెక్కినయ్యా?” “ఎంతిచ్చారు నీకు?” ఆ చివరి మాటకు భానుశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. సంపూర్ణమ్మ గుంపు వెనక నుంచి అంది: “దానికెవరూ ఏమీ ఇవ్వలేదు. నేనే మూడు ముంజలిచ్చాను. ఉండండి, చెప్పనివ్వండి.”

“గురువారం ఆఫీసర్ గారు నేల చూడ్డానికి వస్తారు,” అంది భానుశ్రీ. “నేల మీద ఏముందో అదే రాసుకోవాలి, రూలు అది. పూడ్చేశారు కాబట్టి బోదె కనపడదు. అది ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో చూపించే కాగితం మన దగ్గర లేదు.”

“కాగితం ఎందుకు?” హనుమయ్య విసుక్కున్నాడు. “కళ్లు మూసుకుని చెప్తాం. ఏటా పూడిక తీస్తాం కదా. పొలాన్నిబట్టి ఇంటికిన్ని బారలు. పై నుంచి మొదటి తొమ్మిది బారలు మావి. తర్వాత ఏడు అమలమ్మవి. ఆ తర్వాత పన్నెండు బాబీ వాళ్లవి. వంపు దగ్గర నాలుగు సంపూర్ణమ్మవి. మా నాన్న చేతులు చాపి కొలిచిచ్చాడు. నా బారలు నా కాళ్లకి తెలుసు.”

భానుశ్రీ అతని వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక గీత ఎలా ఉంటుందో అప్పుడు కనపడింది ఆమెకి. “అయితే గురువారం ఎవరి బారల్లో వాళ్లు నిలబడండి,” అంది.

ఎవరి ఇంటి మనుషుల్ని వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ లెక్కలోనే నిర్ణయం జరిగిపోయింది.

ఆ రాత్రి కిరీటికి చీటీ రాయలేదు. అతను వచ్చేదాకా మేలుకుని అంతా చెప్పింది. పొద్దున్న క్యారియర్లో చీటీ ఉంది. ‘నాకు భయంగా ఉంది. నువ్వు వెళ్లు.’ అంతే. కూర ఏమిటో కూడా రాయలేదు.

గురువారం పది గంటలకు విశ్వేశ్వర్ కారూ, ఆఫీసర్ మేడం జీపూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సంజీవరావు గారు ప్లాన్ చుట్ట పట్టుకుని దిగారు. దిగి, ఆగిపోయారు.

ఎర్ర గ్రావెల్ మీద మనుషులు. పైన రోడ్డు దగ్గర మొదలై, పధ్నాలుగు ఎకరాల మధ్యగా, వంకర తిరిగి, దూరంగా కింద చేలల్లోకి దిగేదాకా మనుషుల వరస. ఒక్కొక్క ఇంటి బారల మొదట్లో ఇంటిపెద్ద పార పట్టుకుని, ఆ వెనక పెళ్లాం, కోడళ్లు, ముసలివాళ్లు. నినాదాల్లేవు, జెండాల్లేవు. వంపు దగ్గర సంపూర్ణమ్మ ఒక్కతే, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. ఆమె వెనక ఎవరూ లేరు. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఆ నాలుగు బారలూ ఏటా తనే తీసింది.

“ఏంటిది?” అంది మేడం.

“మా బోదె అండీ,” అన్నాడు హనుమయ్య.

“గుంపును పోగేశారు మేడం,” అన్నాడు విశ్వేశ్వర్ నవ్వుతూ. “వీళ్లకి ఎకరం భూమి లేదు, ఆవేశం మాత్రం ఎకరాలకెకరాలు. సరే, కాలవే అనుకుందాం. అదిగో చూడండి, అక్కడ తెగిపోయింది. నీళ్లు అక్కడ గాల్లో ఎగిరి దూకాయా?”

నిజమే. అమలమ్మ ఇంటివాళ్లకీ, సంపూర్ణమ్మకీ మధ్య పన్నెండు బారల మేర ఖాళీ. బాబీ వాళ్ల వంతు. వాళ్ల ఇల్లు టిప్పర్ జీతం మీద బతుకుతోంది. ఎవరూ రాలేదు. టిప్పర్ గట్టు పక్కన ఇంజన్ ఆడుతూ ఉంది, బాబీ లోపల కూర్చుని ఉన్నాడు.

మేడం ఆ ఖాళీ వైపు చూసింది. పెన్ను మూత పెట్టబోయింది.

భానుశ్రీ కదిలింది. సంజీవరావు గారి పక్క నుంచి, అందరూ చూస్తుండగా, గ్రావెల్ మీద అడుగులేసుకుంటూ వెళ్లి ఆ ఖాళీలో నిలబడింది. మెట్టెల చప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఇటు ఏడు బారల దూరంలో అమలమ్మ, అటు పన్నెండు బారల దూరంలో సంపూర్ణమ్మ. మధ్యలో తను. అంత బయలులో, అంతమంది మనుషుల మధ్య, ఆమె ఎప్పుడూ అంత ఒంటరిగా నిలబడలేదు. ఆఫీసు ఆమెది కాదు ఇక. ఈ వరసా ఆమెది కాదు.

టిప్పర్ ఇంజన్ ఆగింది.

తలుపు తెరుచుకుంది. బాబీ దిగాడు. సీటు కింద నుంచి పార తీశాడు. అది అక్కడెప్పుడు పెట్టుకున్నాడో ఎవరికీ తెలీదు. సూపర్‌వైజర్ “రేయ్, రేయ్, పనికి పోతావా లేదా?” అని అరుస్తుంటే తాళాలు అతని కాళ్ల దగ్గర విసిరేసి వచ్చాడు.

“అక్కా, జరుగు. ఇవి మా బారలు.”

భానుశ్రీ పక్కకి తప్పుకుంది.

వరస అతుక్కుంది. ఆఫీసర్ మేడం చాలాసేపు చూసింది. తర్వాత సంజీవరావు గారి చేతిలోంచి ప్లాన్ తీసుకుని విప్పి, మనుషుల్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. ఆ వంకరా ఈ వంకరా ఒకటే. కాకపోతే కాగితంలో దారి అని ఉంది.

“నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను,” అంది. ఏం రాసిందో ఎవరికీ చూపించలేదు. జీపెక్కి వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరగకముందే విశ్వేశ్వర్ ఫోన్ తీశాడు. అరగంటలో రెండు పోలీసు వ్యాన్లు వచ్చాయి. ప్రైవేటు స్థలంలో చొరబాటు, పనికి అడ్డు. “పారలు కింద పడేసి వ్యానెక్కండి!” అని ఎస్సై కేకేశాడు.

పార కింద పడేయమంటే ఎలా పడేస్తారు? హనుమయ్య తన పార ఎత్తి, ఉన్న చోటే గ్రావెల్లో బలంగా దిగవేశాడు. అలాగే అమలమ్మ కొడుకు. అలాగే బాబీ. అలాగే సంపూర్ణమ్మ. పైనుంచి కిందదాకా పంతొమ్మిది దెబ్బలు ఒకదాని వెనక ఒకటి వినపడ్డాయి.

స్టేషన్లో బల్లలు చాల్లేదు. ఇంటికొకరిని, పంతొమ్మిది మందిని తెచ్చారు. భానుశ్రీని ఎవరూ పట్టుకోలేదు. తనే వ్యానెక్కింది.

“పేర్లు చెప్పండి,” అన్నాడు రైటర్, తెల్లకాగితం లాక్కుని. “ఎవరైనా సరే, ముందు నువ్వు చెప్పు.” సంపూర్ణమ్మను చూపించాడు.

“నేను ముందు కాదు బాబూ. హనుమయ్య ముందు. ఆ తర్వాత అమలమ్మ కొడుకు. ఆ తర్వాత బాబీ. నేను వంపు దగ్గర.”

“ఏ వంపు? ఎవరు ముందైతే ఏంటమ్మా?”

“మా వరస మాకుంది. వరసలో రాస్తే చెప్తాం, లేకపోతే చెప్పం. పేరు పక్కన బారలు కూడా రాయండి.”

“పెళ్లి భోజనాలనుకున్నారా, బంతి లెక్కలు చెప్తున్నారు?”

ఎవరూ నోరు విప్పలేదు. పది నిమిషాలు. పావుగంట. ఎస్సై లోపల్నుంచి “వాళ్లు చెప్పినట్టే రాసి తగలడవయ్యా” అన్నాడు. రైటర్ రాయడం మొదలుపెట్టాడు. హనుమయ్య, తొమ్మిది బారలు. అమలమ్మ, ఏడు బారలు, కొడుకు హాజరు. బాబీ, పన్నెండు. సంపూర్ణమ్మ, నాలుగు. పంతొమ్మిది పేర్లు, పై నుంచి కిందికి. అరవై ఏళ్లుగా ఏ కాగితంలోనూ లేని బోదె, పోలీసు స్టేషన్లో, రైటర్ చేతిరాతలో, మెల్లగా పారుకుంటూ వచ్చింది. భానుశ్రీ అతని భుజం మీదుగా చూస్తోంది. ఇది తను గీయాల్సిన ప్లాన్.

“నీ పేరు? నీవెన్ని బారలు?”

“నాకు లేవండీ.”

“మరి ఏమని రాయను?”

భానుశ్రీ అతని బల్ల దగ్గరికి జరిగింది. “రాయండి. మునగలపల్లం బోదెని, మే నెల పధ్నాలుగో తారీఖున, మట్టి దారి అని తప్పుగా గీసింది నేను. అది దారి కాదు, బోదె. పైన ఉన్న పంతొమ్మిది పేర్లూ దాని కొలతలు. సంతకం పెడతాను.”

రైటర్ పెన్ను ఆపాడు. “ఉద్యోగం పోద్దమ్మా.”

“పోయిందండీ.”

సంతకం పెట్టింది. పెళ్లయ్యాక కొత్త ఇంటిపేరుతో పెట్టిన మొదటి సంతకం అది. ఎక్కడ పెడతానా అని నెలన్నరగా ఉబలాటపడింది. బ్యాంకులోనో, రేషన్ కార్డు మీదో అనుకుంది.

గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. బల్ల మీద చోటు లేదు. కిటికీ అవతల వేపచెట్టు కింద కిరీటి, ఎయిర్‌పోర్టు యూనిఫాం విప్పకుండానే, క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రానివ్వలేదు కాబోలు. క్యారియర్ కొంచెం పైకెత్తి చూపించాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చి, ఏదీ బయటికి రాలేదు.

సంపూర్ణమ్మ చెప్పు లేని కాలు లోపలికి లాక్కుని, బల్ల మీద పక్కకి జరిగింది. “రా, కూర్చో. ముసలిదాన్ని, నాలుగు బారలూ నేనొక్కదాన్నే తియ్యలేను. ఒక బార నీది.”

భానుశ్రీ కూర్చుంది.

“ఎప్పుడు మొదలెడదాం?” అన్నాడు బాబీ నేల చూస్తూ. పూడ్చినవాడు అతనే. గ్రావెల్ ఎంత లోతుందో అతనికే తెలుసు. “సోమవారం నీళ్లొదుల్తారు. నాలుగు రోజులే.”

“బయటికెళ్లంగానే,” అన్నాడు హనుమయ్య.

“మళ్లీ తెచ్చి ఇక్కడే పడేస్తారు,” అన్నాడు రైటర్, తల ఎత్తకుండా.

“తెండి. ఈసారి రాసేపని కూడా లేదుగా, వరస మీ దగ్గరే ఉంది,” అంది సంపూర్ణమ్మ.

“పారలు?” భానుశ్రీ అడిగింది. “వాళ్లు పీకేసుంటే?”

అప్పుడే కిటికీ దగ్గర అలికిడైంది. మునగలపల్లం నుంచి పరిగెత్తుకొచ్చిన అమలమ్మ, కమ్మీలు పట్టుకుని ఆయాసపడుతోంది. “ఒరే, వినండి! ఆ సూపర్‌వైజర్ మూడు పారలు పీకాడు. పీకిన ప్రతి చోటా ఊళ్లో ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. పక్క ఊరి శివారు వాళ్లు కూడా వస్తున్నారు. వాళ్ల బోదె మీదా ప్లాన్ గీస్తున్నారంట!”

స్టేషన్లో పంతొమ్మిది మందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. భానుశ్రీ ఇరవయ్యో మనిషి.